ముందు అంటే ఎటు?

ఏటా జనవరి 24న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మన అణుశాస్త్రవేత్త హోమీ భాభా మళ్లీ చనిపోతారు. గుడ్ మార్నింగ్ పువ్వులకీ, మంజీరా నీళ్లు ఎప్పుడొదుల్తారన్న ప్రశ్నకీ మధ్యలో ఆయన ఫోటో ప్రత్యక్షమవుతుంది. కింద ఎర్రక్షరాల్లో 'చంపేశారు' అని ఉంటుంది. దాని కింద ముప్పై దండాలు.

ఈసారి దాన్ని పెట్టింది నాన్న స్నేహితుడే. ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్‌లో నాన్నతోపాటు ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. మర్నాడు పొద్దున్న పార్కులో బెంచీ మీద దొరికారు. "అంకుల్, భాభా విమానం కూలడం ప్రమాదమే. పైలట్ దారి లెక్క తప్పింది" అన్నాను. ఆయన మఫ్లర్ సర్దుకుని నావైపు జాలిగా చూశారు. "నువ్వు చిన్నవాడివి బాబూ. అంత పెద్ద కొండ పైలట్‌కి కనపడకుండా పోతుందా?" అన్నారు. నాకు నలభై ఏడేళ్లు. ఆ సంగతి పక్కన పెడితే, ఆయన అడిగింది మంచి ప్రశ్న. అంత పెద్ద కొండ కనపడకుండా ఎలా పోతుంది? బెంచీ దగ్గర సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మా వైపు భాభా అంటే పాఠ్యపుస్తకంలో పేరు కాదు. బొంబాయి ట్రాంబేలో ఆయన పెట్టిన ఎలక్ట్రానిక్స్ విభాగమే పెరిగి, ఆయన పోయిన పదిహేను నెలలకు, 1967 ఏప్రిల్లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అయింది. దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్.రావు గారు భాభా దగ్గర పనిచేసినవారు. ఇవాళ చీరల షోరూములూ బిర్యానీ సెంటర్లూ కిక్కిరిసిన ఏ.ఎస్.రావు నగర్‌కి ఆ పేరు ఎవరిదో అక్కడ అద్దెకుండే కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. 1971లో మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చింది. మా ఇంట్లో మొదటి టీవీ ఈసీఐఎల్‌వాళ్ల ఈసీ టీవీ. దానికి చెక్క తలుపులుండేవి, వేసవి సెలవుల్లో అమ్మ తాళం వేసేది. కుషాయిగూడలో మూడు తరాలు తిన్న అన్నంలో ఆ మనిషి పాలు కొంత ఉంది. అలాంటి మనిషి ఒక లెక్క తప్పడం వల్ల పోయారంటే మనసు ఒప్పదు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కుట్ర అన్నమాట మాత్రం ఒప్పుకోను.

జరిగిందేమిటో చెబుతాను.

1966 జనవరి 24. ఎయిర్ ఇండియా 101. బోయింగ్ 707, పేరు 'కాంచనజంగ'. అప్పట్లో ఎయిర్ ఇండియా తన 707లకు హిమాలయ శిఖరాల పేర్లు పెట్టేది. కొండ పేరు పెట్టుకున్న విమానం కొండని కొట్టుకోవడమనే విడ్డూరాన్ని ఫార్వర్డ్‌లు రాసేవాళ్లు ఇంకా ఎలా వదిలేశారో నాకు తెలీదు. బొంబాయి నుంచి ఢిల్లీ, బేరూత్ మీదుగా జెనీవాకీ, అక్కడి నుంచి లండన్‌కీ వెళ్లాలి. లోపల 117 మంది. భాభా వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి వెళ్తున్నారు. వయసు 56.

బేరూత్‌లో బయల్దేరేటప్పటికే విమానంలోని రెండు వీఓఆర్ రిసీవర్లలో ఒకటి పనిచేయడం లేదు. ఆ సంగతి కెప్టెన్‌కి తెలుసు. వీఓఆర్ అంటే నేలమీది రేడియో స్టేషన్. అది సంకేతాలు పంపుతూ ఉంటుంది. ఆ స్టేషన్‌కి మనం ఏ దిక్కున ఉన్నామో విమానంలోని ముల్లు చూపిస్తుంది. రెండు స్టేషన్ల నుంచి రెండు గీతలు గీస్తే, అవి కలిసే చోట మనం ఉన్నట్టు. ఒక్క రిసీవరే ఉంటే ఒక స్టేషన్‌ని పట్టి, వదిలి, రెండోదాన్ని పట్టాలి. ఈలోగా విమానం ఆగదు కదా. కుదరని పనేం కాదు. కాకపోతే మనిషి మనసులో వేసుకునే అంచనాకి ఎక్కువ చోటు దొరుకుతుంది.

తూర్పు నుంచి జెనీవాకి దిగాలంటే దారిలో ఆల్ప్స్‌లోకెల్లా ఎత్తయిన మౌంట్ బ్లాంక్ ఉంది. ఫ్రెంచివాళ్లు మోఁ బ్లాఁ అంటారు, తెల్లకొండ అని. దాని ఎత్తు 15,770 అడుగుల చిల్లర. విమానానికి 19,000 అడుగుల దాకా దిగడానికి అనుమతి ఉంది. అక్కడే ఉంటే కొండ నెత్తిన మూడు వేల అడుగుల ఖాళీ. అంతకంటే కిందికి దిగాలంటే మబ్బులకు వెయ్యి అడుగులు పైన, కళ్లకు అన్నీ కనపడే స్థితిలో ఉండాలి. అలాగే ఉన్నామని పైలట్ చెప్పాడు. మౌంట్ బ్లాంక్‌ని పక్కగా దాటుతున్నాం అనుకుంటున్నానని కూడా చెప్పాడు.

దాటలేదు. జెనీవాలో రాడార్ ముందు కూర్చున్న కంట్రోలర్‌కి ఆ సంగతి తెర మీద కనపడుతోంది. పైలట్ పొరబడ్డాడని ఆయన గ్రహించాడు. గ్రహించి సరిదిద్దాడు కూడా. ఎలాగంటే, మౌంట్ బ్లాంక్‌కి మీకు ఐదు మైళ్లుంది అన్నాడు.

పైలట్ 'రోజర్' అన్నాడు. విన్నాను అని దాని అర్థం.

ఆ వేగానికి ఐదు మైళ్లంటే నిమిషం పని. విమానం 15,585 అడుగుల ఎత్తు దగ్గర, శిఖరానికి రెండు వందల అడుగులు కూడా లేని దిగువన, కొండని తాకింది. ఒక్కరూ మిగల్లేదు.

ఫ్రెంచి విచారణ సంఘం 1967లో తేల్చింది ఇదే. పైలట్ తన చోటు తప్పుగా లెక్కగట్టాడు. కంట్రోలర్ ఆ తప్పు పట్టుకుని, సరిచేస్తున్నాననుకుని ఒక మాట చెప్పాడు. ఆ మాట తగినంత కచ్చితంగా లేకపోవడంతో, కొండ వెనకబడిపోయిందన్న భ్రమలోనే పైలట్ దిగుతూ పోయాడు. నివేదికలో నన్ను పట్టుకున్నది ఈ చివరి సంగతి. యంత్రం చెడిపోయిందనో, వాతావరణం బాగోలేదనో చెప్పి వదిలేయలేదు వాళ్లు. వాక్యం బాగోలేదని రాశారు.

ఇక్కడ నా సొంత గోల ఒకటి చెప్పాలి.

రెండేళ్ల కిందట జనవరిలోనే, చెల్లి దుబాయ్ తిరిగి వెళ్తోంది. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. పెద్ద అంబర్‌పేట దాటేసరికి పొగమంచు మొదలైంది. అది మామూలు మంచు కాదు. బానెట్ ముందు తెల్ల దుప్పటి కట్టినట్టుంది. లారీల వెనక లైట్లు ఉన్నట్టుండి పక్కన పుట్టుకొస్తున్నాయి. బోర్డు కనపడేసరికే బోర్డు దాటిపోతోంది. నా ప్లాన్ సులువు. తుక్కుగూడ ఎగ్జిట్ దాటాక వచ్చే పెద్ద గోల్కొండ దగ్గర దిగాలి. నాన్న పక్క సీట్లో ఫోన్‌లో మ్యాప్ చూస్తున్నారు. చెల్లి వెనక సీట్లో, ఒళ్లో ఆవకాయ సీసాతో. సూట్‌కేసులో పెడితే కారుతుందని అమ్మ భయం.

"తుక్కుగూడ?" అన్నాను.

"తుక్కుగూడ ఐదు కిలోమీటర్లు" అన్నారు నాన్న.

"సరే" అన్నాను.

నా మనసులో తుక్కుగూడ ఐదు కిలోమీటర్లు వెనకబడింది. నాన్న మనసులో ఐదు కిలోమీటర్లు రాబోతోంది. తర్వాత వచ్చిన ఎగ్జిట్‌లో ధీమాగా దిగిపోయాను. టోల్ బూత్‌లో కుర్రాణ్ని అద్దం దించి అడిగితే, "ఇది తుక్కుగూడ సార్. ఎయిర్‌పోర్టుకి ఇట్ల కూడా పోవచ్చు" అన్నాడు. నష్టం పది నిమిషాలు, కాస్త టెన్షన్, నాన్న చేత ఒక చివాటు. మా 'సరే' టోల్ బూత్ దగ్గర తేలింది.

చెల్లిని దింపి వచ్చాక దారంతా నేనూ నాన్నా వాదించుకున్నాం. "ఐదు కిలోమీటర్లు అన్నాను కదరా" అంటారు ఆయన. "ముందా, వెనకా చెప్పాలి కద నాన్నా" అంటాను నేను. అప్పుడు ఆయనన్న మాట ఇంకా గుర్తుంది. "ముందు అని చెప్పినా నీకు అర్థమయ్యేది కాదు. ముందు అంటే ఎటు?"

నిజమే కదా. తెలుగులో 'ముందు' అనే మాట రెండు మొహాలది. 'బంకు ముందుంది' అంటే ఇంకా రావాలి. 'బంకు ముందు వచ్చింది, గుడి తర్వాత వచ్చింది' అంటే వెళ్లిపోయింది. 'ముందు రోజుల్లో' అంటే ఒకరికి గతం, ఇంకొకరికి రాబోయే కాలం. కాలానికీ దారికీ ఒకే మాట వాడుకుంటూ ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చామా అనిపిస్తుంది. మన అదృష్టం కొద్దీ మనకి 'ఇంకా' అని ఒకటుంది. 'ఇంకా ఐదు కిలోమీటర్లుంది' అని ఉంటే నేను తప్పుగా వినేందుకు వీలే లేదు. రెండక్షరాలు. అవి నాన్న నోట రాలేదు, నేను అడగలేదు. జెనీవా కంట్రోలర్‌ది ఫ్రెంచి మాట్లాడే నేల మీద నడిచే ఇంగ్లిష్, పైలట్‌ది మన ఇంగ్లిష్. ఇద్దరికీ సొంతం కాని భాషలో చెప్పుకున్న ఆ మాటలోనూ మన 'ఇంకా' లాంటిది ఒకటి పడలేదు.

అసలు నన్నడిగితే ఆ కంట్రోలర్ అనాల్సింది దూరం కాదు. మీరింకా దాటలేదు, దిగకండి అనాలి. ఎదుటివాడి తప్పుని తప్పు అనకుండా, మర్యాదగా ఒక అంకె అందించి, అతనే తెలుసుకుంటాడులే అనుకోవడం మనకి బాగా తెలిసిన పద్ధతే. అల్లుడు ఉప్పెక్కువ తింటుంటే "మజ్జిగ పోసుకో బాబూ" అంటాం చూడండి, అలా. భోజనం దగ్గర అది సంస్కారమే.

ఇప్పుడు అంకుల్ ప్రశ్నకి వద్దాం. అంత పెద్ద కొండ ఎలా కనపడలేదు? కొండ దాటేశాననుకున్నవాడు కొండ కోసం వెతకడు కనుక. మంచు కప్పిన కొండ, దాని చుట్టూ మబ్బు. తెలుపులో తెలుపు. పైగా మనసులో మ్యాప్ ఒకసారి గీసుకున్నాక కళ్లు దానికే సాక్ష్యాలు వెతుకుతాయి. తుక్కుగూడ బోర్డు నా ముందు నుంచే పోయి ఉంటుంది. ఎక్కడో మంచులో పచ్చగా ఏదో కదిలినట్టు గుర్తు. చదవలేదు. చదవాల్సిన అవసరం నాకు కనపడలేదు.

కుట్ర కథ ఎందుకంత బలంగా ఉంటుందో కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లోనే భాభా, కావాలనుకుంటే పద్దెనిమిది నెలల్లో మనం బాంబు చేయగలం అన్నారు. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో శాస్త్రి గారు పోయారు. పదమూడు రోజులకు భాభా. అదే రోజు ఢిల్లీలో ఇందిరా గాంధీ ప్రధానిగా ప్రమాణం చేశారు. ఇన్ని ఒక్కచోట పడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఒక మాజీ సీఐఏ అధికారి ఫోన్‌లో ఒప్పుకున్నాడంటూ, ఆయన పోయాక ఒకరు అచ్చువేసిన సంభాషణే ఈ ఫార్వర్డ్‌లన్నిటికీ మూలం. అవునో కాదో చెప్పడానికి ఆ అధికారి లేడు. ఇంకో ముక్క కూడా వాడతారు. 1950 నవంబర్ 3న ఎయిర్ ఇండియాదే 'మలబార్ ప్రిన్సెస్' అనే విమానం ఇదే కొండని తాకి 48 మందీ పోయారు. అదే కంపెనీ, అదే కొండ, యాదృచ్ఛికమా అని అడుగుతారు. యాదృచ్ఛికం కాదు. రెండూ జెనీవాకే వెళ్తున్నాయి, దారిలో ఉన్న అతి పెద్ద కొండ అదే. ఉప్పల్ నుంచి వరంగల్ వెళ్లే బస్సులు రెండూ ఘట్‌కేసర్ దగ్గరే ఆగిపోతే అది ఘట్‌కేసర్ కుట్ర అవుతుందా?

బాంబు పేలి ఉంటే విమానం ఎక్కడైనా పడొచ్చు. ఈ విమానం మాత్రం లెక్క తప్పిన మనిషి సరిగ్గా ఎక్కడికి వస్తాడో అక్కడికి, ఏ ఎత్తుకి దిగుతాడో ఆ ఎత్తుకి వచ్చి తగిలింది. దానికి నిమిషం ముందు ఆ లెక్క తప్పు గురించే రేడియోలో మాట నడిచింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలో నాకు తెలీదు.

అయితే, 'పైలట్ తప్పు' అని రాసి ఫైలు మూసేవాళ్లంటే కూడా నాకు ఒళ్లు మంటే. కుట్ర అనేవాళ్లకీ వీళ్లకీ పెద్ద తేడా లేదు. ఇద్దరికీ ఒక మనిషి దొరికితే చాలు. ఒకరికి విలన్, ఒకరికి నేరస్థుడు. మనిషి దొరికాక ఇక వాక్యం వైపు చూడక్కర్లేదు.

న్యూజీలాండ్‌లో ఏమైందో చూడండి. 1979 నవంబర్ 28న అంటార్కిటికా చూపించడానికి తీసుకెళ్లిన విమానం ఎరెబస్ కొండని తాకి 257 మంది పోయారు. మొదటి నివేదిక పైలట్ మీద పెట్టింది. తర్వాత జస్టిస్ పీటర్ మహోన్ విచారిస్తే తేలిందేమంటే, ముందు రోజు రాత్రే కంపెనీవాళ్లు కంప్యూటర్లో దారి అంకెలు మార్చారు, ఆ సంగతి పైలట్లకు చెప్పలేదు. పైలట్ తనకు చూపించిన దారినే నమ్మి వెళ్లాడు. ఆ దారి ఇప్పుడు సముద్రపు పాయ మీదుగా కాదు, కొండ మీదుగా పోతోంది. ప్రభుత్వం క్షమాపణ చెప్పడానికి నలభై ఏళ్లు పట్టింది. 2019లో చెప్పారు.

బ్రెజిల్‌ది ఇంకో రకం. 1989 సెప్టెంబర్ 3న మరాబా నుంచి బెలేంకి వెళ్లాల్సిన విమానం. ప్లాన్ కాగితం మీద దిక్కు '0270' అని ఉంది. దాని అర్థం 027.0 డిగ్రీలు, అంటే దాదాపు ఉత్తరం. కెప్టెన్ 270 పెట్టాడు, అంటే నేరుగా పడమర. కో పైలట్ తన వైపు మీటర్లో ఏం పెట్టాలో కాగితంలో చూడకుండా కెప్టెన్‌ది చూసి పెట్టాడు. పొద్దుగూకే వేళ, ఉత్తరానికి వెళ్లాల్సిన విమానం ఎదురుగా సూర్యుణ్ని పెట్టుకుని వెళ్లింది. చివరికి ఇంధనం అయిపోయి చీకట్లో అడవిలో దిగింది. 54 మందిలో ఎక్కువమంది బతికారు, అదొక అద్భుతం. పక్కవాడి పేపర్ చూసి రాయడం పరీక్షలోనే తప్పనుకున్నాం ఇన్నాళ్లూ.

వీటన్నిటికంటే నన్ను వెంటాడేది కాలి. కొలంబియాలో ఊరు. 1995 డిసెంబర్ 20, రాత్రి. మయామి నుంచి వస్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965. మయామిలోనే రెండు గంటల ఆలస్యం. దగ్గరికొచ్చాక కంట్రోలర్, చుట్టు తిరగకుండా నేరుగా ఇటువైపు రన్‌వేకి దిగుతారా అని అడిగాడు. టైమ్ కలిసొస్తుందని సరేనన్నారు. ఆ సరేతో దిగాల్సిన ఎత్తు ఎక్కువైంది, చేతిలో ఉన్న నిమిషాలు తక్కువైపోయాయి. పుస్తకంలో కొత్త దారి వెతుకుతూనే, త్వరగా కిందికి దిగడానికి రెక్కల మీది పలకలు పైకి లేపారు. కంప్యూటర్లో నేరుగా కాలి అని కొట్టేసరికి మధ్యలో రావాల్సిన తులువా అనే గుర్తు తెర మీంచి మాయమైంది. ఆ గుర్తు దాటగానే చెప్పమని కంట్రోలర్ అడుగుతున్నాడు. వాళ్లు అప్పటికే దాన్ని దాటేశారు.

తర్వాతి గుర్తు రోజో. మ్యాప్ కాగితం మీద దానికి 'ఆర్' అనే అక్షరం. కంప్యూటర్లో ఆర్ కొట్టారు. జాబితాలో మొదట వచ్చినదాన్ని ఎంచుకున్నారు. అది రోజో కాదు, బొగోటా దగ్గరున్న రోమియో. రోజో కావాలంటే ఆ కంప్యూటర్లో పూర్తి పేరు కొట్టాలి. కాగితం ఒకలా, కంప్యూటర్ ఒకలా. విమానం బుద్ధిగా ఎడమవైపు, తూర్పుకి, చీకట్లో కొండలవైపు తిరిగింది. నేల దగ్గరపడుతోందని హెచ్చరిక మోగాక పైకి లాగారు. రెక్కల మీది పలకలు మాత్రం దించడం మరిచారు. 163 మందిలో నలుగురు మిగిలారు.

ఇందులో నాకు నిద్ర పట్టనివ్వనిది రోమియో కాదు, కంట్రోలర్. అక్కడ రాడార్ లేదు, విమానం ఎక్కడుందో పైలట్ చెబితేనే తెలుస్తుంది. పైలట్ అడుగుతున్నవి పొంతన లేకుండా ఉన్నాయని ఆయనకి అనిపించింది. స్పానిష్‌లో మాట్లాడే పైలటయితే ఇంకా గుచ్చి గుచ్చి అడిగేవాణ్నని ఆ తర్వాత విచారణలో చెప్పాడు. తనకొచ్చిన ఇంగ్లిష్ రోజూ పనికి సరిపోయేంత. 'మీరు చెప్పేది కుదరడం లేదు, అసలు మీరు ఎక్కడున్నారు' అని నిలదీసేంత కాదు.

మాదాపూర్లో ఏ ఆఫీసులోనైనా కాల్ అయిపోగానే ఏం జరుగుతుందో చూడండి. ముప్పావు గంటసేపు 'ఓకే, ఓకే, షూర్' అన్న ఆరుగురూ మైకు ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "ఏం చెప్పాడ్రా?" అంటారు. పోయినేడు మా టీములో అలాంటి ఒక 'షూర్' వల్ల రెండు వారాల పని తిరగేసి రాశాం. నేనూ అన్నాను షూర్. రెండోసారి అడిగితే ఇంగ్లిష్ రాదనుకుంటారేమోనని. అర్థం కానప్పుడు అర్థం కాలేదని చెప్పడం మనకి బడిలోనే మానిపించారు. 'అర్థమైందా?' అని మాస్టారు అడిగితే క్లాసంతా 'అయింది సార్' అని పాడేవాళ్లం.

2000లో అమెరికాలో జ్యూరీ కాలి ప్రమాదానికి బాధ్యత పంచింది. ఎయిర్‌లైన్స్‌కి 75 శాతం, డేటా ఇచ్చిన కంపెనీకి 17, కంప్యూటర్ చేసిన కంపెనీకి 8. పంపకం న్యాయమో కాదో లాయర్లు చూసుకుంటారు. నాకు నచ్చింది ఏమిటంటే, 'ఆర్' అనే ఒక్క అక్షరానికి కూడా అందులో వాటా పడింది.

ఇదంతా ఒకరాత్రి నాన్నకి చెప్పాను. ఈ వయసులో నాన్న దేన్నీ పూర్తిగా వినరు. ఇది మాత్రం విన్నారు. విని, "మేం ఇలా చేయనిచ్చేవాళ్లం కాదు" అన్నారు.

ఆయన కంట్రోల్ ప్యానెళ్ల సెక్షన్‌లో చేశారు. బీరువాలంత ప్యానెళ్లు, ఒక్కోదాన్లో వేల వైర్లు. ప్రతి వైరు చివరా ఫెర్రూల్ అని చిన్న తెల్ల గొట్టం, దానిమీద నంబరు. చెక్ చేసేటప్పుడు ఇద్దరు ఉండాలి. ఒకరు డ్రాయింగ్ పట్టుకుని నంబర్ చదువుతారు. రెండోవారు ప్యానెల్లో తల దూర్చి ఆ వైరు పట్టుకుని, దానిమీద ఏముందో తిరిగి చదువుతారు. ఆ తర్వాతే మీటర్ పెట్టి బజర్ మోగిస్తారు. "ఆ నంబర్ తిరిగి చెప్పకుండా ఎవడైనా 'ఊఁ' అన్నాడంటే, మొదటి నుంచి మళ్లీ" అన్నారు నాన్న. "ఆరు, తొమ్మిది తలకిందులు. ఊఁ అంటే వాడు ఆరు చూశాడో తొమ్మిది చూశాడో నాకేం తెలుసు?" అందుకే ఆరూ తొమ్మిదీ కింద గీత గీసేవాళ్లట. చెబుతూ ఆయన టీపాయ్ మీది పేపర్ అంచున 6 వేసి కింద గీత గీశారు. దాన్ని తిప్పి నాకు చూపించారు.

విమానాలవాళ్లూ చివరికి అక్కడికే వచ్చారు. 1977 మార్చి 27న స్పెయిన్‌వాళ్ల టెనరీఫ్ దీవిలో రెండు 747 జంబో విమానాలు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది పోయాక మాటలకి కత్తెర పడింది. ఎత్తు, దిక్కు, రన్‌వే, అనుమతి చెబితే ఆ అంకెలన్నీ తిరిగి చదవాలి. ఉత్త రోజర్ చెల్లదు. చదివింది తప్పయితే కంట్రోలర్ అక్కడికక్కడే ఆపాలి. కాలి తర్వాత, ప్రపంచంలోని కొండలన్నిటి ఎత్తుపల్లాలూ లోపల పెట్టుకుని, ఎదురుగా కొండ ఉంటే చాలా ముందే అరిచే పరికరం విమానాల్లోకి వచ్చింది. ఇక్కడ ముందే అంటే ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది. అలాంటిది 'కాంచనజంగ'లో ఉండి ఉంటే భాభా వియన్నా చేరేవారు. బహుశా 1967లో కుషాయిగూడకి వచ్చి రిబ్బన్ కత్తిరించేవారు.

ఆ కొండ మాత్రం ఇంకా ఒక్కొక్కటీ తిరిగి ఇస్తూనే ఉంది. ఆ విమానం శకలాలు బొసాఁ అనే హిమానీనదంలో పడి, మంచుతోపాటు ఏడాదికి కొంత కొంత కిందికి జరుగుతున్నాయి. 2012లో మన విదేశాంగ శాఖ టపా సంచీ ఒకటి బయటపడింది. మరుసటేడు ఒక కొండలెక్కే కుర్రాడికి పచ్చలూ కెంపులూ నీలాలూ ఉన్న చిన్న పెట్టె దొరికితే పోలీసులకు అప్పజెప్పాడు. 2020లో దినపత్రికల కట్ట తేలింది. ఆరబెడితే అక్షరాలు చదివేలా ఉన్నాయి, భారతదేశానికి తొలి మహిళా ప్రధాని అని హెడ్డింగ్. ఏభై నాలుగేళ్లు మంచులో ఉన్నా అచ్చులో ఒక్క అక్షరం మారలేదు. గాల్లో చెప్పిన ఐదు మైళ్ల మాట నిమిషం కూడా నిలవలేదు.

అంకుల్‌కి ఇదంతా మళ్లీ బెంచీ దగ్గర చెప్పాను. ఫెర్రూల్ మాట రాగానే ఆయన కళ్లు మెరిశాయి. ఆయనా ఆ సెక్షనే. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కంట్రోలర్‌ని ఎవరైనా కొనేసి ఉండొచ్చు కదా" అన్నారు. ఆయన మారలేదు. ఆ ఫార్వర్డ్ వచ్చే జనవరికి కూడా వస్తుంది, నేను ఎదురుచూస్తున్నాను.

నాన్న మారారని మాత్రం అనుకుంటున్నాను, లేదా తిరిగి పాత ప్యానెల్ రోజుల్లోకి వెళ్లారు. మొన్న మందుల పార్సిల్ తెచ్చే అబ్బాయి దారి తప్పి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో వినపడుతోంది. "రాధిక థియేటర్ దగ్గరున్నా సార్, ముందుకు రావాలా?" అన్నాడు.

నాన్న వెంటనే జవాబివ్వలేదు. కళ్లజోడు సర్దుకుని, ప్యానెల్లో తల దూర్చిన మనిషితో మాట్లాడినట్టు నెమ్మదిగా అడిగారు.

"రాధిక నీకు ఎటుపక్కుంది బాబూ? ఎడమా, కుడా?"

"ఎడమ సార్."

"ఎడమ. నీకెదురుగా ఏ బోర్డు కనపడుతోంది? చదువు."